పందికొక్కు పుర్రె ఊరిని బట్టి మారుతుందా? కొలిచి తేల్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఇంగ్లీషువాళ్ల 'బాండికూట్' అనే మాట మన పందికొక్కు నుంచే పోయింది, శాస్త్రీయ నామంలోని 'బాండికోటా' కూడా అదే. ఆస్ట్రేలియాలో పొట్టసంచి ఉన్న ఒక జంతువుకి కూడా తర్వాత ఇదే పేరు తగిలించారు, దానికీ మన పందికొక్కుకీ చుట్టరికం ఏమీ లేదు. సరే, పేరు మనది, జంతువు మన చేలల్లోది. దాని పుర్రె గోదావరి డెల్టాలో ఒకలా, అనంతపురం మెట్టల్లో ఇంకోలా ఉంటుందా? మ్యూజియం అల్మారాలోంచో, పొలం గట్టు మీద నుంచో తెచ్చిన పుర్రెలతో ఈ ప్రశ్నకి జవాబు రాబట్టడం ఎలాగో చెబుతాను. పందికొక్కు అనే కాదు, చుంచెలుక, ఉడుత, గబ్బిలం దేనికైనా దారి ఇదే.

ఒక మాట ముందే చెప్పేస్తా. రెండు ఊళ్ల పుర్రెలు పక్కపక్కన పెడితే తేడా కనిపించి తీరుతుంది. వయసు, ఆడామగా, కాలం, తిండి, కెమెరా, ఆఖరికి మీ చెయ్యి, ఇవన్నీ తేడా తెస్తాయి. 'ఊరు' ఈ అనుమానితుల వరసలో చిట్టచివర నిలబడి ఉంటుంది. ముందున్న ఒక్కొక్కరినీ ప్రశ్నించి పంపించాకే దాని దగ్గరికి రావాలి, కింద చెప్పేదంతా ఆ విచారణే.

1. ఏ జాతి, ఎన్ని ఊళ్లు, ఎన్ని పుర్రెలు

మన దగ్గర రెండు పందికొక్కులున్నాయి. చేలల్లో బొరియలు చేసి వరి కంకులు లోపల దాచుకునేది ఎక్కువగా చిన్నది, బాండికోటా బెంగాలెన్సిస్. పెద్దది బాండికోటా ఇండికా. ఊళ్లో రెంటినీ పందికొక్కనే అంటాం కాబట్టి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది, ఇంకా ఎదగని ఇండికా పుర్రెని ముదిరిన బెంగాలెన్సిస్ పుర్రె అనుకుని కలిపేశారంటే ఆ తర్వాత ఎంత గొప్ప లెక్క వేసినా బూడిదలో పోసిన పన్నీరే. జాతి తేల్చడంలో అనుమానం ఉన్న పుర్రెని పక్కన పెట్టండి, మొహమాటపడొద్దు.

ఇక ఊళ్లు. రెండే ఊళ్లు తీసుకోవద్దు. భీమవరానికీ అనంతపురానికీ వాన వేరు, నేల వేరు, పంట వేరు, మధ్య దూరం ఉంది, ఎత్తు తేడా ఉంది. పుర్రెలో తేడా వచ్చినా వీటిలో దేనివల్లో ఎప్పటికీ తేలదు. కనీసం ఐదారు చోట్లు ఉండాలి, అవి తడి ప్రాంతం నుంచి పొడి ప్రాంతానికి మెట్లు మెట్లుగా ఉంటే మరీ మంచిది. వాటిలో ఒక జత పక్కపక్క ఊళ్లదై ఉండాలి. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్ల మధ్యే తేడా ఎంతుందో తెలియకపోతే నాలుగు వందల కిలోమీటర్ల తేడాని దేనితో పోలుస్తారు?

పుర్రెల సంఖ్య దగ్గర అందరూ బేరమాడతారు. లెక్క చూడండి. పుర్రె ఫొటో మీద 20 బిందువులు (ప్రతి పుర్రెలోనూ పోల్చదగ్గ చోట్లు) గుర్తిస్తే, ఒక్కోదానికి రెండు నిరూపకాల చొప్పున 40 సంఖ్యలు. అందులోంచి స్థానానికి రెండు, సైజుకి ఒకటి, తిప్పడానికి ఒకటి పోతే 36 మిగులుతాయి. అంటే ఆకారం 36 దిక్కుల్లో మారగలదు. ఊరికి ఎనిమిది పుర్రెలు పెట్టుకుని 36 దిక్కుల్లో వెతికితే ఏదో ఒక దిక్కులో గుంపులు విడిపోయి కనిపిస్తాయి, ఏ తేడా లేకపోయినా సరే. ఊరికి 20 పెద్ద జంతువులు ఉండేలా చూసుకోండి, దొరకవనుకుంటే బిందువులు తగ్గించండి.

2. పుర్రెలు ఎక్కడి నుంచి వస్తాయి

మూడు దార్లున్నాయి.

మొదటిది మ్యూజియం. కోల్‌కతాలో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, ముంబయిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, లండన్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం. బాంబే సొసైటీ 1911లో మొదలుపెట్టి 1923 దాకా నడిపిన క్షీరదాల సర్వే వల్ల మన దేశపు చిన్న జంతువుల పుర్రెలు పెద్ద సంఖ్యలో పోగయ్యాయి. లేబుల్ మీద ఊరు, తేదీ, ఆడా మగా ఉంటే చాలు, బంగారం. కాకపోతే ఇక్కడ ఒక గొయ్యి ఉంది: ఒక ఊరి పుర్రెలన్నీ 1912వి, ఇంకో ఊరివి మొన్నటివి అయితే మీరు పోలుస్తున్నది ఊళ్లనో కాలాలనో మీకే తెలియదు. ఇది ఊహ కాదు. షికాగోలో ఫీల్డ్ మ్యూజియం వాళ్లు వందేళ్లకు పైగా పోగైన పుర్రెలు కొలిస్తే, చిప్‌మంక్ అనే చారల ఉడుతల పుర్రె పెద్దదై పళ్ల వరస పొట్టిగా మారిందని, వోల్ అనే గడ్డి ఎలుకల్లో చెవి దగ్గరి ఎముక బుడిపె చిన్నదైందని తేలింది. అదే ఊరు, అదే జాతి.

రెండోది పొలం. డెల్టా వరి చేలల్లో బుట్టలు పెట్టి ఎలుకల్ని పట్టేవాళ్లు ఎలాగూ పడతారు, ముందుగా మాట్లాడుకుంటే చచ్చినవాటిని ఇస్తారు. డబ్బులివ్వండి, ఊరికే అడగొద్దు. చట్టం సంగతి కూడా చూసుకోండి. 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుకలు ఐదో షెడ్యూలులో, అంటే చంపినా ఫర్వాలేదన్న జాబితాలో ఉండేవి. 2022 సవరణతో ఆ షెడ్యూలే పోయింది. ఉడుతలు, గబ్బిలాల జోలికి అయితే అటవీశాఖ అనుమతి లేకుండా అసలు వెళ్లొద్దు. కాలేజీ తరఫున చేస్తుంటే ఎథిక్స్ కమిటీ కాగితం ముందు తీసుకోండి, తర్వాత తీసుకుందాంలే అనుకుంటే అచ్చు వేసేవాళ్లు పేపరు తిప్పి పంపుతారు. చేతికి గ్లోవ్స్, ముక్కుకి మాస్క్ తప్పనిసరి, ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, వరి కోతల కాలంలో అది మన జిల్లాల్లో కొత్తేమీ కాదు.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, గుడ్లగూబ. పాత గుళ్లలో, కోట బురుజుల్లో, పాడుబడ్డ గోదాముల్లో ఉండే తెల్లమొహం గుడ్లగూబ ఎలుకని అమాంతం మింగి, అరగని బొచ్చూ ఎముకలూ కలిపి ఉండలా చేసి కక్కేస్తుంది. కింద పడిన ఆ ఉండల్ని ఏరుకొచ్చి నీళ్లలో నానబెట్టి విప్పితే పుర్రెలు, దవడలు బయటికొస్తాయి. ఏ జంతువునీ చంపక్కర్లేదు. పుర్రె వెనకభాగం తరచుగా పగిలి ఉంటుంది, కింది దవడ మాత్రం చాలాసార్లు చెక్కుచెదరకుండా దొరుకుతుంది, బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఫొటోకి కూడా సులువు. లోపం ఏమిటంటే ఆడో మగో తెలియదు, గుడ్లగూబ ఏ పొలంలో పట్టుకొచ్చిందో కచ్చితంగా తెలియదు.

ఎక్కడి నుంచి తెచ్చినా లేబుల్ అప్పుడే రాయండి. నేను మొదటి ఏడాది పదకొండు పుర్రెల్ని "సాయంత్రం రాద్దాంలే" అని ఒకే డబ్బాలో వేశాను. సాయంత్రానికి పదకొండు పుర్రెలు ఉన్నాయి, ఊరు మాత్రం దేనికీ లేదు. పెన్సిల్‌తో గట్టి కాగితం మీద రాసి పుర్రెతోపాటే కట్టండి, పెన్సిల్ రాత నీళ్లలో చెదరదు.

3. శుభ్రం చేయడం

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తోలు, కండ తీసేసి నీళ్ల డబ్బాలో నానబెట్టండి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి, ఒకటి రెండు వారాల్లో మాంసం ఊడిపోతుంది. ఇంట్లోవాళ్ల ఓపికని బట్టి డబ్బా ఎక్కడ పెట్టాలో మీరే నిర్ణయించుకోండి. ఎక్కువసేపు ఉడకబెట్టొద్దు, అతుకులు విడిపోతాయి, పళ్లు రాలిపోతాయి. బ్లీచింగ్ అసలు వద్దు, ఎముక పొడిపొడి అవుతుంది. అన్ని ఊళ్ల పుర్రెలకీ ఒకే పద్ధతి వాడండి, ఎందుకంటే ఆరేటప్పుడు ఎముక కొంచెం ముడుచుకుంటుంది, ఒక ఊరివి బాగా ఆరినవి, ఇంకో ఊరివి నిన్ననే తీసినవి అయితే అదొక లేనిపోని తేడా.

4. వయసు, ఆడామగా, కాలం

చాలామంది తేలిగ్గా తీసుకునేది, చివర్లో ఏడిపించేది ఇదే.

ఎలుకలు పెద్దయ్యాక కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటాయి. పిల్ల పుర్రెలో మెదడు గది గుండ్రంగా పెద్దగా, మూతి పొట్టిగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ మూతి సాగుతుంది, చెంప ఎముకలు పక్కలకి వస్తాయి, కండలు అతుక్కునే గట్లు పైకి తేలతాయి. ఒక ఊళ్లో మందు పెట్టి పాతవాటిని చంపేశారు, మీకు దొరికినవన్నీ కొత్తగా పుట్టినవే అనుకోండి, ఆ ఊరి పుర్రె 'పొట్టి మూతి రకం' అని మీరు రాసేస్తారు. అందుకని మూడో దవడ పన్ను పూర్తిగా పైకి వచ్చిందా చూడండి, పళ్ల అరుగుదలని నాలుగైదు తరగతులుగా విడగొట్టి ప్రతి పుర్రెకీ తరగతి రాయండి, పుర్రె అడుగున వెన్నుపాము రంధ్రానికి ముందు రెండు ఎముకలు కలిసే అతుకు మూసుకుందో లేదో నోట్ చేయండి. పన్ను రానివి తీసి పక్కన పెట్టండి.

ఆడామగా తేడా జాతిని బట్టి ఉంటుంది. చుంచెలుకల్లో మగవి బాగా పెద్దవి. (చుంచెలుక అసలు ఎలుక కాదు, పురుగుల్ని తినే వేరే వంశం.) వాటిలో ప్రాంతాన్ని బట్టి సైజు తేడా కూడా విపరీతం, కాఠ్‌మాండూ చుంచెలుక పక్కన జపాన్‌లోని నాగసాకి చుంచెలుక పిల్లలా కనిపిస్తుంది.

ఇక కాలం. పోలండ్‌లో ఆగస్ట్ డేనెల్ అనే ఆయన 1949లో ఒక వింత చెప్పారు, అక్కడి సోరెక్స్ అనే ప్రజాతి చుంచెలుకల పుర్రె చలికాలంలో చిన్నదై ఎండాకాలానికి మళ్లీ పెరుగుతుందని. జర్మనీలో 2017లో అచ్చయిన పరిశోధనలో అవే జంతువుల్ని మళ్లీ మళ్లీ పట్టి ఎక్స్‌రే తీసి చూస్తే నిజమే, మెదడు గది ఎత్తు సగటున సుమారు 15 శాతం తగ్గి, వసంతంలో సుమారు 9 శాతం తిరిగి పెరిగింది. జనవరిలో ఒక ఊరు, జూన్‌లో ఒక ఊరు తిరిగి సోరెక్స్ పుర్రెలు పోల్చినవాడికి ఎంత గొప్ప 'భౌగోళిక వైవిధ్యం' దొరుకుతుందో ఊహించుకోండి. మన ఎలుకల్లో ఆ గొడవ లేకపోయినా, కోతల తర్వాత బాగా తిన్నవాటినీ ఎండాకాలంలో బక్కచిక్కినవాటినీ కలపొద్దు.

5. ఫొటో

కొంచెం ఓపిగ్గా చదవండి, సగం ప్రాజెక్టులు ఇక్కడే చెడిపోతాయి.

చిన్న పందికొక్కు పుర్రె నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. అది ముప్ఫై సెంటీమీటర్ల దూరంలోని కెమెరా కింద ఉందనుకోండి. పుర్రె మీద ఒక చోటు ఇంకో చోటు కంటే ఒక సెంటీమీటరు కెమెరాకి దగ్గరగా ఉంటే అది సుమారు 3 శాతం పెద్దగా పడుతుంది. ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు మీద 3 శాతం అంటే 0.6 మిల్లీమీటర్లు. మీరు వెతుకుతున్న ఊరి తేడా అంతకంటే తక్కువే కావచ్చు! అదే కెమెరాని మీటరు దూరం జరిపితే పొరపాటు 1 శాతానికి, అంటే 0.2 మిల్లీమీటర్లకి దిగుతుంది. కాబట్టి ఫోన్‌ని పుర్రె మీదికి వంచి తీయడం మానేయండి. 90 లేక 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ ఉన్న కెమెరాని స్టాండుకి బిగించి, లెన్స్ కిందికి చూసేలా పెట్టి, ఎత్తు ఒకసారి ఖాయం చేశాక మొత్తం పని అయ్యేదాకా ముట్టుకోవద్దు. ముందు గ్రాఫ్ పేపర్ ఒకటి ఫొటో తీసి అంచుల్లో గళ్లు వంగాయేమో చూడండి.

పుర్రెని అడుగుభాగం పైకి ఉండేలా పెట్టండి, అంగిలి, పళ్లు, చెవి బుడిపెలు అన్నీ కనిపిస్తాయి. అది కదలకుండా ఉండటానికి నేను గిన్నెలో రాగులు పోసి వాటిలో కూర్చోబెడతాను, ఇసుక కంటే శుభ్రం, బంకమన్నులా అంటుకోదు. పళ్ల వరసలు రెండూ కెమెరాకి సమాంతరంగా ఉండాలి, కుడిఎడమలకి వాలకూడదు. పక్కనే స్కేలు పెట్టండి, గిన్నె కింద కాదు, పళ్ల వరస ఎత్తులోనే, లేకపోతే పైన చెప్పిన 3 శాతం మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పుర్రె ఫ్రేమ్‌లో 4000 పిక్సెళ్లు పొడవు వస్తే మిల్లీమీటరుకి 100 పిక్సెళ్లు, బిందువు పెట్టేటప్పుడు మౌస్ మూడు పిక్సెళ్లు జారినా పోయేది 0.03 మిల్లీమీటర్లే.

ఒక ముప్ఫై పుర్రెల్ని ఇంకోరోజు గిన్నెలోంచి తీసి మళ్లీ కూర్చోబెట్టి రెండోసారి ఫొటో తీయండి. ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను.

6. బిందువులు గుర్తించడం, పేర్చడం

ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు చాలు. జేమ్స్ రోల్ఫ్ రాసిన టీపీఎస్ ప్రోగ్రాములతో బిందువులు గుర్తించొచ్చు, క్లింగెన్‌బర్గ్ రాసిన మార్ఫోజేతో లెక్కలు వేయొచ్చు, ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లకి జియోమార్ఫ్ ప్యాకేజీ ఉంది. నా సలహా, బిందువులు టీపీఎస్‌డిగ్‌లో పెట్టి లెక్కలు జియోమార్ఫ్‌లో వేయండి, అందులో ఏం చేశారో అక్షరం అక్షరం రాసి ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత మీకే అర్థమవుతుంది.

బిందువు అంటే ప్రతి పుర్రె మీదా అదే చోటు అని ఒట్టేసి చెప్పగలిగేది. మూడు ఎముకలు కలిసే చోటు, రంధ్రం అంచు, పన్ను ఎముకలోంచి బయటికొచ్చే చోటు మంచివి. "ఇక్కడ బాగా ఉబ్బెత్తుగా ఉంది" అనే రకం బిందువులు బలహీనం, పుర్రె కాస్త వాలినా అవి జారిపోతాయి. ఎలుక పుర్రె అడుగున ముందు పళ్ల వెనక అంచు, అంగిట్లోని రెండు పొడవాటి సందుల ముందు చివర, వెనక చివర, మొదటి దవడ పన్ను ముందు అంచు, మూడోదాని వెనక అంచు, అంగిలి వెనక అంచు మధ్య, వెన్నుపాము రంధ్రం ముందు అంచు, ఇలా పదిహేను ఇరవై తేలిగ్గా దొరుకుతాయి. ఏ బిందువు ఎక్కడో బొమ్మ గీసి గోడకి అంటించండి.

ఫొటోల వరస కలిపేయండి. ఇది మర్చిపోతే చాలా నష్టం. భీమవరం పుర్రెలన్నీ సోమవారం, అనంతపురంవన్నీ శుక్రవారం చేస్తే నాలుగు రోజుల్లో మీ చెయ్యి అలవాటు మారుతుంది, ఆ మార్పు ఊరి తేడాగా లెక్కలోకి ఎక్కుతుంది. ఊరి పేరు కనబడకుండా ఫైళ్లకి నంబర్లు పెట్టండి, వరస కలపడానికి టీపీఎస్‌యుటిల్‌లోనే ఏర్పాటుంది. అన్నీ ఒక్కరే పెట్టాలి, తమ్ముడికి సగం ఇవ్వొద్దు.

ఇప్పుడు ప్రోక్రస్టీస్ అనే లెక్క. గ్రీకు కథల్లో ఈ పేరుగల దొంగ ఒకడు ఇంటికొచ్చినవాళ్లని మంచం మీద పడుకోబెట్టి, పొడుగు ఎక్కువైతే నరికి, తక్కువైతే సాగదీసి మంచానికి సరిపెట్టేవాడట. లెక్క కూడా దాదాపు అదే పని చేస్తుంది. ట్రేసింగ్ కాగితాల మీద గీసిన పుర్రెల్ని దీపపు బల్ల మీద ఒకదానిపై ఒకటి పేర్చి, జరిపి, అందర్నీ ఒకే సైజుకి తెచ్చి, తిప్పి, వీలైనంత ఒకదానికొకటి కలిసేలా సర్దడం. సర్దాక కూడా కలవకుండా మిగిలిందే ఆకారం. తీసేసిన సైజు ఎక్కడికీ పోదు, సెంట్రాయిడ్ సైజు (బిందువులు వాటి నడిమధ్య నుంచి ఎంత దూరం పరుచుకున్నాయో చెప్పేది) అనే సంఖ్యగా పక్కన ఉంటుంది, దాంతో పని ఉంది.

7. మీ పొరపాటుని మీరే కొలవడం

రెండుసార్లు ఫొటో తీసిన ఆ ముప్ఫై పుర్రెలు ఇప్పుడు బయటికి తీయండి. ఒకే పుర్రె రెండు ఫొటోల మధ్య తేడా ఎంత, రెండు వేర్వేరు పుర్రెల మధ్య తేడా ఎంత అని ప్రోక్రస్టీస్ అనోవాతో (మొత్తం తేడాని వాటాలుగా విడగొట్టే లెక్క) చూడండి. మొదటిది రెండోదానికి చేరువలో ఉంటే ఆపేసి, ఐదో మెట్టుకి వెనక్కి వెళ్లండి. బాధగానే ఉంటుంది. నేను ఒకసారి మొత్తం నూట నలభై ఫొటోలు మళ్లీ తీశాను, కారణం స్కేలు గిన్నె కింద పెట్టడం.

8. సైజు తీశాక ఊరు మిగిలిందా

ముందు ఆకారాన్ని సైజుతో పోల్చండి, అంటే సెంట్రాయిడ్ సైజు లాగరిథమ్ మీద రిగ్రెషన్. చాలా ఎలుకల్లో ఆకారం తేడాలో పెద్ద ముక్క ఇక్కడే వెళ్లిపోతుంది, పెద్ద పుర్రె అంటే పొడుగు మూతి, అంతే. ఆ తర్వాత మోడల్‌లో సైజు, ఆడామగా, అరుగుదల తరగతి, చివరగా ఊరు, ఈ వరసలో పెట్టండి. సైజుతో ఆకారం మారే తీరు అన్ని ఊళ్లలో ఒకేలా ఉందా అని కూడా చూడండి, లేకపోతే 'సైజు తీసేశాను' అనే మాటకి అర్థం ఉండదు.

బొమ్మ కోసం ముందు పీసీఏ (పుర్రెల మధ్య తేడా ఎక్కువగా ఉన్న దిక్కుల్ని ముందు చూపించే లెక్క) వేయండి. దానికి ఊళ్ల సంగతి తెలియదు, అందుకే అది అబద్ధం చెప్పే అవకాశం తక్కువ. సీవీఏ అలా కాదు, ఊళ్లని విడదీయమని చెప్పే వేస్తాం, అది విడదీసి చూపిస్తుంది, రంగురంగుల గుండ్రాలు విడివిడిగా చాలా అందంగా వస్తాయి, గైడ్ మురిసిపోతారు. క్రాస్ వాలిడేషన్ చేయకుండా ఆ బొమ్మని నమ్మొద్దు. ఒక్కో పుర్రెని బయట పెట్టి, మిగతావాటితో నేర్చుకుని, దీని ఊరు చెప్పమంటే ఎన్ని సరిగ్గా చెప్పిందో ఆ సంఖ్య రాయండి.

ఊరు నిజంగా మిగిలితే, దూరంతో మెల్లగా మారుతోందా, ఎక్కడో ఒకచోట టక్కున మారుతోందా చూడండి. ఊళ్ల మధ్య కిలోమీటర్లని ఆకారాల మధ్య దూరంతో పోల్చే మాంటెల్ పరీక్ష మొదటిదానికి పనికొస్తుంది. ఆకారం మార్పుని వంగిన గళ్ల బొమ్మగా చూపించేటప్పుడు ఎన్ని రెట్లు పెంచి గీశారో కింద రాయండి. ఐదు రెట్లు పెంచి ఊరుకుంటే చూసేవాడు ఎలుక కాదు ఏనుగు అనుకుంటాడు.

9. కారణం చెప్పేటప్పుడు

తేడా ఉందని తేలగానే అందరి చేతికీ అందేది బెర్గ్‌మాన్ సూత్రం, చలి ప్రాంతాల్లో జంతువు పెద్దదిగా ఉంటుందని ఆయన 1847లో చెప్పింది. చిన్న జంతువుల దగ్గర దీన్ని జాగ్రత్తగా వాడండి. యూరప్, సైబీరియాల్లోని సోరెక్స్ జాతులు చాలావాటిలో ఉత్తరానికి పోయేకొద్దీ పుర్రె చిన్నదవుతుంది, సరిగ్గా తిరగేసి.

తిండి ఇంకో పెద్ద అనుమానితుడు. ల్యాబ్‌లో ఒకే రకం చిట్టెలుకల్ని మెత్తటి తిండితో, గట్టి తిండితో విడివిడిగా పెంచితే దవడ ఆకారమే మారుతుంది, జన్యువుల్లో ఏ తేడా లేకుండానే. వరి తినే ఊరు, వేరుశనగ తినే ఊరు పోలుస్తున్నప్పుడు ఇది గుర్తుండాలి. దవడ కండరాలు అతుక్కునే చోట్ల మాత్రమే తేడా ఉంటే నేనైతే ముందు తిండినే అనుమానిస్తాను.

నిజంగా వంశపారంపర్యమైన తేడా ఎలా ఉంటుందో చూడాలంటే స్కాట్లాండ్ పైన ఉన్న ఆర్క్‌నీ దీవుల వోల్ మంచి ఉదాహరణ. పక్కనే ఉన్న బ్రిటన్ ప్రధాన భూభాగంలో ఆ జాతే లేదు. 5,000 ఏళ్ల కిందట మనుషులు యూరప్ ఖండం నుంచి పడవల్లో, తెలిసో తెలియకో, తెచ్చిపడేశారు. తవ్వకాల్లో దొరికిన పళ్లని ఇప్పటి పళ్లతో ఇదే ప్రోక్రస్టీస్ పద్ధతిలో పోల్చి, ఖండంలోని చుట్టాల నుంచి అవి ఎలా విడిపోయాయో, దీవికీ దీవికీ ఎలా తేడా వచ్చిందో చూపించారు. అక్కడ జన్యువుల సాక్ష్యం ఉంది, తవ్వకాల తేదీలున్నాయి, మధ్యలో సముద్రం ఉంది. మీ దగ్గర ఉన్నది ఫొటోలు మాత్రమే అయితే 'కొత్త ఉపజాతి' అనే మాట రాయొద్దు, 'ఈ ఊళ్ల మధ్య సగటు ఆకారంలో ఇంత తేడా ఉంది' అని రాయండి చాలు.

పని అయ్యాక పుర్రెలు పారేయకండి. ఒక్కోదాన్నీ దాని లేబుల్‌తో చిన్న మూత డబ్బాలో పెట్టి, పెద్ద పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేసి, ఫొటోలూ బిందువుల ఫైలూ ఎక్కడున్నాయో మూత లోపలివైపు అంటించి, దగ్గరలోని మ్యూజియం తీసుకుంటుందేమో అడగండి. తీసుకోకపోతే మీ డిపార్ట్‌మెంట్ అల్మారాలో పై అరలో పెట్టండి, కింది అరలో పెడితే బతికున్న పందికొక్కులు వస్తాయి.